టెండర్ల పారదర్శకత చూసే కన్సల్టెంటును ఎలా ఎంచుకోవాలి

మేడమ్, మీ స్వచ్ఛంద సంస్థ తరఫున మున్సిపల్ టెండర్ల పారదర్శకతను పరిశీలించడానికి ఇద్దరు కన్సల్టెంట్లు ప్రతిపాదనలు ఇచ్చారు, ఎవరిని తీసుకోవాలో తేలడం లేదన్నారు. ఇప్పుడే ఎవరికీ మాట ఇవ్వకండి. ముందు పని పరిధిని మీరే కాగితం మీద పెట్టండి. అది లేకపోతే రెండు రేట్లను పోల్చడంలో అర్థం లేదు.

ప్రభుత్వ కొనుగోళ్లు, టెండర్ల వ్యవస్థ ఎలా ఉందో అంచనా వేయడానికి మ్యాప్స్ (MAPS) అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. 2018లో సవరించిన రూపంలో నాలుగు స్తంభాలు, 14 సూచికలు ఉన్నాయి. మొత్తం మీకు అవసరం లేదు, జవాబుదారీతనం, పారదర్శకతలకు సంబంధించిన నాలుగో స్తంభం సరిపోతుంది.

అసలు కీలకం నమూనా. పూర్తయిన కొన్ని పనులను ఎస్టిమేటు నుంచి చివరి బిల్లు దాకా వెంబడించమని రాయండి. టెండరు నోటీసు ప్రభుత్వ టెండర్ల పోర్టల్లో సులభంగానే దొరుకుతుంది. కాంట్రాక్టు ఇచ్చాక గడువు ఎందుకు పెంచారు, అదనపు పనికి ఎంత చెల్లించారు అన్నవి దొరకడమే కష్టం. జనం డబ్బు జారిపోయే అవకాశం ఎక్కువగా అక్కడే ఉంటుంది, దాన్ని వదిలేసిన నివేదికకు రూపాయి కూడా పెట్టొద్దని నా అభిప్రాయం. ఆ కాగితాలకు సమాచార హక్కు దరఖాస్తులు వేయాల్సి వస్తుంది. జవాబుకు చట్టం ఇచ్చిన గడువే 30 రోజులు, ఆపైన అప్పీళ్లు. రెండు నెలల్లో ముగిస్తామనే వాళ్లను గట్టిగా ప్రశ్నించండి.

ఇంటర్వ్యూలో పోర్టల్ తెరిచి, ముగిసిన ఒక టెండరు చూపించి, ఇందులో ఏం కనబడటం లేదో చెప్పమనండి. పని తెలిసినవాళ్లు వెంటనే చెబుతారు. మీరు పరిశీలించే మున్సిపల్ శాఖకు సలహాదారుగా పనిచేయడం లేదని, బిడ్డర్లతో సంబంధం లేదని రాతపూర్వకంగా తీసుకోండి. సేకరించిన డేటా అంతా మీ చేతికొచ్చాకే చివరి వాయిదా చెల్లించండి.