పిల్లికి బిచ్చం అడిగే ముందు

పోయిన వారం టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, మా అపార్ట్‌మెంట్ చెత్త డబ్బాల దగ్గర కుంటుతున్న పిల్లిని ఇంట్లోకి తెచ్చాం. ఎమర్జెన్సీ వెట్ దగ్గరికి తీసుకెళ్తే 3,200 డాలర్లు అవుతుందన్నారు. నా కార్డు లిమిటే 1,000. గోఫండ్‌మీలో పేజీ పెట్టి ఆన్‌లైన్ చందాలు అడగనా? నేను ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) మీద ఉన్నా, వీసాకి ఏమైనా ఇబ్బందా? అమ్మకి చెప్తే, పిల్లికి పెట్టే డబ్బుంటే లోన్ కట్టుకో అంటోంది."

ఇలాంటి సందేహం నాకు ఏడాదికి రెండు మూడు వస్తుంది, ఎక్కువగా చలికాలంలో. అందుకని అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం. పిల్లి వైద్యం బిల్లుకి నలుగురు ఇచ్చిన సాయం మీకు జీతం కాదు, అది ఉద్యోగం కిందకి రాదు. ఒకసారి అడిగి, బిల్లు కట్టి, కాగితాలు దాచుకుంటే టెన్షన్ పడాల్సిన పని లేదు. అదే నెలనెలా పిల్లుల్ని పట్టుకొచ్చి మీ పేరు మీద చందాలు పోగుచేసే దాకా వెళ్తే మాత్రం కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని (డీఎస్ఓని) అడిగి చేయండి. మీ పేజీలో డబ్బు ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు రాదని కూడా ముందే రాసేయండి. లేకపోతే ఏప్రిల్లో పన్ను లెక్కలు వేసుకునేటప్పుడు ఎవరో ఒక అంకుల్ రసీదు అడుగుతారు.

ఇక అసలు విషయం. పిసినారిని మనం పిల్లికి బిచ్చం పెట్టనివాడు అంటాం. ఇక్కడికొచ్చాక నాకు తెలిసిందేమిటంటే, పిల్లికి పెట్టడం తేలికే, పిల్లి కోసం అడగడమే కష్టం. నాకది 2019 డిసెంబరులో తెలిసింది.

పొద్దున్న ఏడింటికి మావారు ఆఫీసుకని కారు స్టార్ట్ చేశారు. బానెట్ కింద నుంచి ఒక అరుపు. రాత్రి చలికి వెచ్చగా ఉంటుందని ఇంజిన్ పక్కన దూరి పడుకున్న పిల్లి అది. పసుపు రంగు, పైన చారలు. ముందు కాలు ఒకటి వేలాడుతోంది. పాత టవల్ కప్పి పట్టుకుని, బట్టల బుట్టలో పెట్టి, ఇంకో బుట్ట దాని మీద బోర్లించి తాడు కట్టాం. ఆసుపత్రి చేరేదాకా అది అరవలేదు. అరిచి ఉంటేనే బాగుండేదనిపించింది. (చలికాలంలో కారు తీసే ముందు బానెట్ మీద నాలుగు సార్లు గట్టిగా తట్టండి. ఒక్క నిమిషం పని.)

ఎమర్జెన్సీలో కౌంటర్ దగ్గర అమ్మాయి అడిగిన మొదటి మాట, "పిల్లి మీదేనా?" కంగారులో నేను ఔనన్నాను. ఇక్కడే జాగ్రత్త. వీధిలో దొరికిందని స్పష్టంగా చెప్పండి. గాయపడిన వీధి జంతువు అంటే కొన్ని చోట్ల నొప్పి తగ్గించేంత వరకు తక్కువకే చేస్తారు, లేదా ఊరి యానిమల్ సర్వీసెస్‌కి అప్పగించే దారి చెప్తారు. డాలస్‌లో ఉంటే ఊరి సేవల నంబరు 311కి ఫోన్ చేసి మీరే చెప్పొచ్చు. ఎస్టిమేట్ కాగితం మీద సంతకం పెడితే మాత్రం బిల్లు మీదే. పిల్లి ఎవరిదన్నది తర్వాతి మాట.

చిప్ ఉందేమో స్కాన్ చేయమనండి. మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత ఉంటుంది, స్కానర్ పెడితే నంబరు కనిపిస్తుంది. మామూలు క్లినిక్‌లోనూ షెల్టర్‌లోనూ సాధారణంగా దీనికి డబ్బు తీసుకోరు. ఎవరో పిల్ల ఏడుస్తూ వెతుక్కుంటున్న పిల్లికి మీరు చందాలు పోగుచేయడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఎడమ చెవి కొన అడ్డంగా, తిన్నగా కత్తిరించినట్టు ఉంటే అది దెబ్బ కాదు. ఆపరేషన్ చేయించి మళ్ళీ అదే చోట వదిలిన పిల్లి అని గుర్తు. దానికి రోజూ తిండి పెట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. వాళ్ళని వెతికితే ఖర్చు పంచుకునే మొదటి మనిషి దొరికినట్టే.

ఎస్టిమేట్‌లో రెండు అంకెలు ఉంటాయి, తక్కువది, ఎక్కువది. మనవాళ్ళు ఎక్కువది చూసి హడలిపోతారు, లేదా డాక్టరుతో బేరమాడటం మర్యాద కాదని నోరు మూసుకుంటారు. బేరం ఆడక్కర్లేదు. ఇందులో ఈ రాత్రే చేయాల్సినవి ఏవి, రెండు రోజులు ఆగగలిగినవి ఏవి అని అడగండి. మాకు ఎమర్జెన్సీలో ఎముకకి ప్లేటు వేయడానికి 4,100 చెప్పారు. నొప్పి మందు వేయించి, ఎక్స్-రేలు మెయిల్లో తీసుకుని, మామూలు క్లినిక్ తెరవగానే అక్కడికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ఫిల్మ్ చూసి, "కాలు తీసేస్తే 1,700లో అవుతుంది. మూడు కాళ్ళతో పిల్లులు హాయిగా బతుకుతాయి" అంది. నేను ఏడ్చాను. పిల్లికి మాత్రం ఆ బాధేమీ లేదు. వారం తిరక్కుండానే సోఫా ఎక్కింది.

నా తప్పు ఆ మధ్యాహ్నం జరిగింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూ, ఫోటో ఒకటి పెట్టి, "దయచేసి సాయం చేయండి" అని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వేసేశాను. అరగంటకి ఒక పెద్దాయన రాశారు: "అమ్మా, పక్క రాష్ట్రంలో యాక్సిడెంట్‌లో పోయిన అబ్బాయిని ఇంటికి పంపడానికి పొద్దుటి నుంచీ చందాలు వసూలు చేస్తున్నాం. మీరు పిల్లికి అడుగుతున్నారా?" పైకి జరిపి చూశాను. నిజమే, ఎనిమిది గంటల నుంచీ అదే నడుస్తోంది. గ్రూపు తెరవగానే నా బాధే టైప్ చేశాను తప్ప ఒక్క మెసేజ్ చదవలేదు. వెంటనే నాది తీసేసి, క్షమాపణ రాసి, ఆ అబ్బాయికి పంపాల్సింది పంపాను.

మనుషులకి దిక్కు లేదు, పిల్లికెందుకు అనే మాట మీకూ ఎవరో ఒకరు అంటారు. వాదించకండి. మనవాళ్ళ గ్రూపుల్లో ఏడాది పొడుగునా చందాల పిలుపులు వస్తూనే ఉంటాయి. చావులు, ఐసీయూ బిల్లులు, ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ లేని కుటుంబాలు. ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఆ కొద్దిమందే, వాళ్ళ జేబులూ అవే. ఆ వరసలో మీ పిల్లిని నిలబెట్టకండి. పిల్లి బాధ తెలిసినవాళ్ళు వేరే చోట ఉన్నారు. మీ బిల్డింగులోనే, మీ ఆఫీసులో పెంపుడు జంతువుల ఫోటోలు పెట్టుకునే గ్రూపులో, నెక్స్ట్‌డోర్ యాప్‌లో మీ వీధివాళ్ళలో. మాకు వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం మా వీధి నుంచే వచ్చింది. అంతకుముందు ఆరేళ్ళు చేయి ఊపడమే తప్ప పేరు తెలియని ముసలావిడ 100 డాలర్ల చెక్కు తెచ్చి తలుపు కింద పెట్టి వెళ్ళింది. తెలుగువాళ్ళూ ఇచ్చారు, కాకపోతే గ్రూపులో అడిగితే కాదు. విడిగా, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడితే.

అడిగేటప్పుడు ఏడుపు తగ్గించి, అంకెలు పెంచండి. పిల్లికి ఏమైంది, ఏ క్లినిక్, ఎస్టిమేట్ ఎంత, అందులో మీరు ఎంత వేసుకుంటున్నారు, ఇంకా ఎంత కావాలి. మీరు ఎంత వేసుకున్నారన్న అంకె లేకపోతే నేనైతే ఇవ్వను. ఎస్టిమేట్ ఫోటో పెట్టండి, మీ అడ్రసు, ఫోను, కార్డు వివరాలు కొట్టేసి. అన్నిటికంటే నమ్మకం కుదిర్చేది ఇంకోటి ఉంది: "నా చేతికి ఇవ్వడం ఇష్టం లేకపోతే క్లినిక్‌కి ఫోన్ చేసి ఈ పిల్లి పేరు మీద నేరుగా కట్టండి" అని రాయండి. చాలా క్లినిక్‌లు ఫోన్లో కార్డు తీసుకుంటాయి. రిసెప్షన్‌లో ముందే చెప్పి ఉంచాలి, అంతే. నిజంగా ఫోన్ చేసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. కానీ ఆ వాక్యం చదివి మిగతావాళ్ళు మీకే ఇస్తారు.

గోఫండ్‌మీ లెక్క చెప్తాను. పేజీ పెట్టడానికి ఖర్చు లేదు. ప్రతి చందాలోనూ 2.9 శాతం, ఆపైన 30 సెంట్లు పోతాయి. 10 డాలర్లిస్తే 59 సెంట్లు పోతాయి, 200 ఇస్తే 6 డాలర్ల 10 సెంట్లు. మాకు 38 మంది కలిసి 1,640 ఇచ్చారు, అందులో సుమారు 59 డాలర్లు ఇలా పోయాయి. ఇచ్చేవాళ్ళకి కింద టిప్ అని ఒక గీత కనిపిస్తుంది. అది పిల్లికి కాదు, కంపెనీకి. దాన్ని సున్నాకి జరపొచ్చని చెప్పండి. దగ్గరివాళ్ళయితే జెల్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమనండి, ఒక్క సెంటూ పోదు, కానీ ఎవరెంత పంపారో మీరే రాసుకోవాలి.

దీనిలో మనవాళ్ళు చూసుకోనిది ఒకటుంది. పేజీలో కనిపించే డబ్బు మీ బ్యాంకులో పడటానికి రెండు నుంచి ఐదు పనిదినాలు పడుతుంది. ఆపరేషన్‌కి డబ్బు మాత్రం ఆ రోజే కట్టాలి. అంటే ముందు ఎవరో ఒకరు కార్డు గీకాలి. మాకు మావారి కార్డు ఉంది. మీలాంటి కొత్తవాళ్ళకి ఆసుపత్రిలో కేర్‌క్రెడిట్ అనే కార్డు గురించి చెప్తారు. ఆరు నెలలు వడ్డీ లేదంటారు, అబద్ధం కాదు. కానీ ఆ ఆరు నెలల్లో మొత్తం తీర్చకుండా ఒక్క డాలరు మిగిల్చినా, మొదటి రోజు నుంచి లెక్కగట్టి వడ్డీ వేస్తారు, అదీ 30 శాతానికి పైనే. గడువు తేదీ ఫోన్లో పెట్టుకోగలిగితేనే తీసుకోండి. పెట్ ఇన్సూరెన్స్ ఇప్పుడు తీసుకున్నా ఈ కాలికి పైసా రాదు, ముందే ఉన్న జబ్బుకి వాళ్ళివ్వరు. రెడ్‌రోవర్ లాంటి సంస్థలు అత్యవసర వైద్యానికి చిన్న మొత్తాలు ఇస్తాయి. అయితే ఇలాంటి సాయం కట్టేసిన బిల్లుకి దొరకడం కష్టం కాబట్టి ముందే దరఖాస్తు పెట్టాలి.

దగ్గర్లోని రెస్క్యూ సంస్థ ఏదైనా పిల్లిని తమ పేరు మీదకి తీసుకుని, మీ ఇంట్లోనే ఉంచుకోమంటే అంతకంటే మంచిది లేదు. వాళ్ళకి క్లినిక్‌లో తక్కువ ధర పడుతుంది. వాళ్ళు 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా నమోదైనవాళ్ళయితే చందా ఇచ్చినవాళ్ళకి రసీదు వస్తుంది, కొన్ని పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ళయితే కంపెనీ కూడా అంతే జత చేయొచ్చు. పది చోట్ల అడిగితే తొమ్మిది చోట్ల ఖాళీ లేదంటారు, వేసవి మొదట్లో మరీను. పదో చోటు కోసం అడగాలి.

మందుల చీటీ రాసిమ్మని అడగడం మర్చిపోకండి. పిల్లులకిచ్చే మందుల్లో కొన్ని మనుషుల మందులే, కాస్ట్‌కో ఫార్మసీలో క్లినిక్ కంటే చవగ్గా దొరకొచ్చు. ఇంకో మాట. మనందరి సూట్‌కేసుల్లోనూ డోలో 650 ఉంటుంది. నొప్పి పడుతోంది కదా అని పిల్లికి ముక్క కూడా వేయకండి. పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. అది మిమ్మల్ని కరిస్తే సబ్బుతో కడిగి ఆ రోజే అర్జెంట్ కేర్‌కి వెళ్ళండి, పిల్లి కాటు పైకి చిన్నగానే ఉండి లోపల చీము పడుతుంది.

అపార్ట్‌మెంట్ లీజు కూడా చదవండి. పెట్ డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్ ఉంటాయి. చెప్పకుండా దాచిపెట్టి ఫైన్ పడితే ఆ డబ్బు చందాల్లోంచి తీయలేరు. నలుగురు రూమ్మేట్లలో ఒకరికి ఎలర్జీ ఉంటే ఆ మాట కూడా ముందే తేల్చుకోవాలి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పిల్లి కోసం ఇక్కడ పోగుచేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. గోఫండ్‌మీ ఇండియా బ్యాంకుకి డబ్బు పంపదు. అక్కడి సంస్థకి నేరుగా పంపడమే దారి. భారత పౌరులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) ఉన్నా సరే, పంపితే ఆ సంస్థకి విదేశీ విరాళాలు తీసుకునే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. నలుగురి దగ్గరా పోగుచేసింది మీ సొంత సంపాదన కాదు కాబట్టి, ఎవరిది వాళ్ళనే పంపమనండి.

వచ్చిన డబ్బు లెక్క నేను ఒక కాగితం మీద రాసి, బిల్లులతో కలిపి ఫోటో తీసి ఇచ్చిన 38 మందికీ పంపాను. గోఫండ్‌మీ కోత పోను, ముసలావిడ చెక్కు కూడా కలిపితే చేతికి వచ్చింది 1,681. ఆపరేషన్, మందులు, తర్వాతి చెకప్ కలిపి 1,912 అయింది, మిగతాది మేం వేసుకున్నాం. మిగిలి ఉంటే ఏం చేస్తామో కూడా మొదటి రోజే పేజీలో రాశాను, షెల్టర్‌కి ఇస్తామని. పిల్లి బతకకపోయినా అదే మాట వర్తించేలా రాయండి. ఆ వాక్యం రాయడానికి చేయి రాదు, అయినా రాయాలి. తర్వాత ఏడుస్తూ 38 మందికి డబ్బు వెనక్కి పంపడం ఇంకా కష్టం.

మా పిల్లి పేరు పులిహోర. పసుపు కదా, పిల్లలు పెట్టారు. ఉగాదికి ఇంటికొచ్చినవాళ్ళు "ఇంకొంచెం పులిహోర వేయండి" అంటే మూడు కాళ్ళ మీద వంటింట్లోకి వచ్చి నిలబడుతుంది.

ఇర్వింగ్ అమ్మాయీ, నీ పేజీ ఇంకా పెట్టకు. ఎస్టిమేట్ కాగితం ఫోటో తీసి నాకు పంపు, రెండో పేజీ కూడా. మామూలు క్లినిక్‌లు పొద్దున్నే తెరుస్తారు, తెరవగానే మూడు చోట్లకి ఫోన్ చేసి ఎక్స్-రే చేతిలో ఉందని చెప్పు. మీ అమ్మగారితో నేను మాట్లాడతాను, నంబరు ఇవ్వు.