గంగ జాతరకు వేషం కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి నాయనకు, అత్త ఆశీస్సులు.

ఈ ఏడు తిరుపతి గంగ జాతరకు వేషాలు కడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకు చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు మొక్కుకున్న మొక్కు అది. ఇన్నాళ్లకు నీ అంతట నువ్వే తీరుస్తానన్నావంటే కడుపు నిండిపోయింది. దాంతోపాటే టెన్షన్ కూడా పట్టుకుంది.

ముందు సెలవు సంగతి తేల్చుకో. మంగళవారం రాత్రి చాటింపు పడిందంటే జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదు. బుధవారం బైరాగి వేషం కట్టి, ఆఫీసుంది అని బెంగళూరు బస్సెక్కితే కుదరదు. లాప్‌టాప్ ఇక్కడికే తెచ్చుకో. ఒళ్లంతా నామకొమ్ము, అదే ఆ తెల్ల సుద్ద, పూసుకుని మీటింగులో కూర్చుంటావో ఏమో, నీ ఇష్టం.

సరుకులు నేను చూసుకుంటా. బైరాగికి నామకొమ్ము, రేలకాయల దండ, గురువారం బండ వేషానికి కుంకుమ, శుక్రవారం తోటి వేషానికి బొగ్గు, శనివారం దొర వేషానికి గంధం, వేపాకు, నిమ్మకాయలు. అంగట్లో దొరికే రంగులు మాత్రం కొనొద్దు, ఒళ్లు మండిపోతుంది. పొద్దెక్కకముందే తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయి దండం పెట్టుకుని రా. మే నెల తారు రోడ్డు మీద వట్టికాళ్లతో నడవాలి మరి. కైకాల వాళ్లు వేషంలో వస్తుంటే పక్కకు తప్పుకో. నువ్వు కట్టేది మొక్కు వేషం, వాళ్లు కట్టేది అమ్మవారి వేషం.

ఇంక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెప్తా. జాతరలో వేషాలు కట్టినవాళ్లు తిట్టే బూతులు.

కొత్తగా పెళ్లయిన ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు, అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోయాడు. ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. రోజుకో వేషంలో వెతికింది. వాడు ఉక్రోషం పట్టలేక బయటికి రావాలని తిట్టిన తిట్లురా అవి. చివరికి దొర వేషం చూసి, నిజంగా దొరే వచ్చాడనుకుని బయటికొచ్చి తల పోగొట్టుకున్నాడు. జాతరలో నోటికొచ్చే ప్రతి బూతూ ఆ పాలెగాడికే చెందాలి.

మీ చిన్నాన్నకు ఈ కథ తెలియక కాదు. పెళ్లికి ముందు ఒక ఏడు మాతంగి వేషం కట్టాడు. చీర నేనే కట్టాను, సవరం పెట్టి జడ వేసి కనకాంబరాలు చుట్టాను. అచ్చం మా అమ్మలాగే ఉన్నాడు, దిష్టి కూడా తీశాను. నలుగురు స్నేహితులతో బయల్దేరాడు, నేను వెనకాల వస్తున్నాను. గాజుల బండి దగ్గర మా వీధి పిల్ల ఒకతె గాజులు ఏరుకుంటోంది. వీడు పోయి ఆ పిల్ల ఓణీ కొంగు పట్టుకుని ఒక మాట అన్నాడు. కాగితం మీద రాసే మాట కాదది. స్నేహితులు ఈలలు వేశారు. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. కొంగు లాక్కుని, మణికట్టు దాకా ఎక్కించుకున్న గాజులు తీసి బండి మీద పెట్టేసి వెళ్లిపోయింది.

నేను నడిరోడ్డు మీదే వాడి సవరం పీకేశాను. "జాతరలో బూతులకు తప్పేముందక్కా, అమ్మవారు కూడా తిట్టింది కదా" అన్నాడు. మాతంగి ఎందుకొచ్చిందిరా? పాలెగాడు చచ్చాక వాడి ఇంట్లో ఏడుస్తున్న ఆడవాళ్లను ఓదార్చడానికి కట్టిన వేషం అది! శత్రువు పెళ్లాన్ని కూడా ఓదార్చిన తల్లి వేషం వేసుకుని, వీధిలో పిల్లను ఏడిపిస్తాడా? మరుసటేడు జాతరకు ఆ పిల్ల గడప దాటలేదు. మీ చిన్నాన్న మాత్రం, అక్క నలుగురిలో పరువు తీసిందని ఇప్పటికీ అంటాడు. తీస్తాను, మళ్లీ ఎవరైనా అట్లా చేస్తే మళ్లీ తీస్తాను.

నువ్వు అట్లాంటివాడివి కాదు. చీమను తొక్కినా ఏడ్చేవాడివి. కానీ పక్కన ఈలలు వేసే గుంపుంటే మంచివాడికీ మతి తప్పుతుంది. అందుకే నీతో బెంగళూరు నుంచి ఎవరెవరు వస్తున్నారో పేర్లు రాయి.

జాతర మంగళవారం పొంగళ్లు మేం ఆడవాళ్లం పెడతాం, నువ్వు కట్టెలు మోస్తే చాలు. బుధవారం తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికాక ఆ మట్టి కోసం తోపులాట ఉంటుంది, అందులోకి దూరొద్దు. చిటికెడు మట్టి ఎవరినో అడిగి నీకు తెచ్చిపెడతా.

మాతంగి వేషానికి నా పెళ్లి పట్టుచీర కావాలన్నావంట. ఇవ్వను, చెమటకు పాడైపోతుంది. మామిడిపండు రంగు నూలుచీర తీసిపెట్టా. జాకెట్టు కుట్టించాలి, ఛాతీ కొలత, భుజం కొలత ఈ వారంలోనే పంపు.

మీ అత్త