గులాబీ రంగు మాంసం పచ్చిదేనా?

ప్రశ్న: అమెరికాలోని మెంఫిస్‌లో మా అబ్బాయి మమ్మల్ని పక్కటెముకల మాంసం వడ్డించే బార్బెక్యూ హోటల్‌కు తీసుకువెళ్లాడు. పైన నల్లగా కాలినా, లోపల అంచు వెంట గులాబీ రంగు కనిపించింది. పచ్చిదనుకుని పక్కన పెట్టేశాను. మళ్లీ వెళితే తినవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిశ్చింతగా తినండమ్మా. ఆ రంగు వచ్చిందంటే వంటవాడికి గర్వం! హికరీ కట్టెల పొగలోని వాయువులు మాంసంలోని ఎర్రని ప్రోటీన్‌తో కలిసి ఆ గులాబీ వలయాన్ని నిలబెడతాయి. సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఐదారు గంటలు మగ్గిన మాంసం అది. రంగును కాదు, ఎముకను చూడండి. కొరికితే మాంసం సులువుగా వదలాలి, తాకగానే మాత్రం రాలిపోకూడదు. రాలిపోతే అతిగా ఉడికిందని నా లెక్క.

ఈసారి సాస్ పూసినవి కాకుండా మసాలా పొడి చల్లినవి అడగండి. ఆ ఊరి ప్రత్యేకత అదే. 1948లో డౌన్‌టౌన్‌లోని ఒక సందులో, నేలమాళిగలో మొదలైన రాండెవూ హోటల్‌కు పేరు తెచ్చింది ఆ పొడి రకమే. అక్కడ బొగ్గుల మీద కాలుస్తారు. మొదటిసారి తిన్నప్పుడు నాకు మా అమ్మ దంచిన వెల్లుల్లి కారం గుర్తుకొచ్చి గొంతు పట్టేసింది. చేత్తోనే తినండి, అక్కడ అందరూ అంతే.

ఇవి సాధారణంగా పంది పక్కటెముకలు. మీ ఇంట్లో పంది మాంసం తిననివారుంటే, పక్కన వడ్డించే చిక్కుడు గింజలు, ఆకుకూరల గురించి కూడా ముందే అడగండి. వాటిలోనూ తరచుగా పంది మాంసం ముక్కలు వేసి వండుతారు.