స్లాబు మీద మళ్లీ స్లాబు పోయొచ్చా?

ఇంటి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా ఇల్లు కట్టి పద్నాలుగేండ్లయింది. స్లాబు 1,100 చదరపు అడుగులు. పోయిన వానకాలం నుంచి పడకగది మూల, గోడా పైకప్పూ కలిసేచోట తడి దిగి రంగు పెచ్చులూడుతున్నది. ఒక మేస్త్రీ పైన నాలుగంగుళాల కాంక్రీటు పోస్తే ఇగ బాధ ఉండదంటున్నడు. ఇంకొకాయన కెమికల్ కొడితే చాలంటున్నడు. ఎవరి మాట వినాలె?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

కాంక్రీటు మాత్రం పోయించకండి. నాలుగంగుళాల మందాన పోస్తే చదరపు మీటరుకు దాదాపు 240 కిలోల బరువు పడుతుంది. మీ స్లాబు మొత్తానికి లెక్కేస్తే 24 టన్నుల పైమాటే. మెట్లున్న ఇంటి పైకప్పును డిజైన్ చేసేటప్పుడు మనుషులకు, సామాన్లకు కలిపి సాధారణంగా లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే దూలాలూ పిల్లర్లూ మోయడానికి సిద్ధంగా లేని బరువును శాశ్వతంగా నెత్తికెత్తినట్టు. పోనీ, అంత చేసినా కురవడం ఆగుతుందా అంటే అదీ నమ్మకం లేదు. కొత్త పొరకూ పాత స్లాబుకూ మధ్య నీళ్లు చేరి, ఎక్కడో దిగి ఇంకెక్కడో కనబడతాయి. అప్పుడు లీకు వెతకడం ఇప్పటికంటే పది రెట్లు కష్టం.

రెండో ఆయన మాట కూడా సగమే నిజం. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో తేలకుండా స్లాబంతా కెమికల్ పూయడం డబ్బు పారబోసుకోవడమే. మీకు గది మూలన తడి వస్తున్నదంటే ముందుగా అనుమానించాల్సినవి మూడు: పిట్టగోడ స్లాబు మీద కూర్చున్న జాయింటు, వాన నీటి పైపు నోరు, పైన ట్యాంకు దిమ్మె. ఎండాకాలంలో వాన లేకున్నా అక్కడ తడి ఉంటే మాత్రం తప్పు స్లాబుది కాదు, ట్యాంకుదో నల్లా పైపుదో.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. సంక్రాంతి దాటి గోడ బాగా ఆరిన తర్వాత పైపు నోళ్లు గుడ్డ కుక్కి మూయండి. ఇసుక, కొద్దిగా సిమెంటు కలిపిన మాలుతో రెండంగుళాల ఎత్తు కట్టలు వేసి స్లాబును మూడు నాలుగు మడులుగా విడదీయండి. ఒక్కో మడిలో అంగుళం లోతు నీళ్లు నిలిపి 24 గంటల నుంచి 48 గంటలు చూడండి. ఒకటి ఆరాకే ఇంకొకటి నింపాలి. అన్నీ ఒకేసారి నింపితే ఏ మడి నుంచి దిగిందో తెలియదు. నీళ్లు నిలిపినప్పుడే వాటం కూడా బయటపడుతుంది. పైపు వైపు పది అడుగులకు అంగుళంపావు వాలు ఉండాలి. మీ స్లాబుకు నాలుగంగుళాల పైపులు కనీసం రెండు కావాలి. ఒకటే ఉంటే, దాంట్లో ఒక్క పాలిథిన్ కవరు ఇరుక్కున్నా మేడంతా చెరువవుతుంది.

జాయింటే కారణమని తేలితే పిట్టగోడ అడుగున ఊడిపోయే ప్లాస్టరింగ్‌ను ఆరంగుళాల ఎత్తు వరకు చెక్కేయించండి. వైరు బ్రష్షుతో రుద్ది దుమ్ము కడిగాక, ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుకలో లేటెక్స్ (మాలు గట్టిగా పట్టుకునేందుకు కలిపే పాలలాంటి ద్రవం) కలిపి ఆ మూలంతా రెండు మూడంగుళాల ముక్కోణపు వాలు కట్టించాలి. నీళ్లు మూలన నిలవకుండా జారిపోవాలన్నదే దీని ఉద్దేశం. స్లాబులో నెర్రెలుంటే పైపైన పూత పూస్తే పనికిరాదు. సెంటీమీటరు వెడల్పు, అంతే లోతు వచ్చేలా కోసి అదే మాలుతో నింపాలి. వారం రోజులు తడపాలి. ఆ తర్వాతే వాటర్‌ప్రూఫ్ పూత. జాయింటు మీద మొదటి పూత పచ్చిగా ఉన్నప్పుడే ఫైబర్ జాలీ పరిచి, రెండో పూతను అడ్డంగా వేయాలి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు వరకు ఎక్కించాలి. ద్రవాన్నీ సిమెంటునూ కలిపి పూసే రెండు భాగాల రకమైతే రెండు పూతలకు చదరపు మీటరుకు సుమారు కిలో నుంచి కిలోన్నర పడుతుంది. మొత్తం స్లాబుకు 50 కిలోలే చాలన్న మేస్త్రీ దాంట్లో నీళ్లు కలుపుతాడనే అర్థం.

ఈ పని చెడేది ఎక్కువగా రెండు చోట్ల. సిమెంటు కలిపే రకాన్ని చెమ్మగా ఉన్న స్లాబు మీద పూయాలి, సిమెంటు కలపని ఒట్టి అక్రిలిక్ పూతను పూర్తిగా ఆరిన స్లాబు మీద. ఇవి తారుమారైతే ఏడాదికే పొరలు లేస్తాయి. రెండోది, ఎండ మండేవేళ పూయడం. కాలుతున్న స్లాబు మీద పూత పట్టుకోకముందే ఎండిపోతుంది. పొద్దున్నే లేదా సాయంత్రం చేయించండి. పై పూత తెల్లదైతే ఇల్లు చల్లబడటం అదనపు లాభం.

ఒక హెచ్చరిక. పైకప్పుకు లోపలినుంచి తుప్పు రంగు మరకలున్నా, కర్రతో తడితే బోలుగా మోగినా, చువ్వలు కనబడినా పైన చెప్పిందంతా పక్కనపెట్టి ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. అది పూతతో ఆగే జబ్బు కాదు.

ప్రశ్న: 25 లక్షల హోమ్‌లోన్, 8.5 శాతం మారే వడ్డీ, 20 ఏండ్లు. రెండేండ్లు కట్టినం. ఇప్పుడు చేతికి మూడు లక్షలొచ్చినయ్. లోనుకు కట్టాల్నా, ఎఫ్‌డీ చేయాల్నా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

మీ కిస్తీ 21,696 రూపాయలు. 24 కిస్తీల్లో 5.20 లక్షలు కట్టారు, అసలు తగ్గింది మాత్రం లక్షా నాలుగు వేలే. ఇంకా సుమారు 23.96 లక్షలున్నది. మొదటి ఏండ్లలో కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి, అసలు మీద కట్టే రూపాయికి ఇప్పుడున్నంత బలం పదేండ్ల తర్వాత ఉండదు.

మూడు లక్షలు ఇప్పుడే కట్టి కిస్తీని అలాగే ఉంచితే, మిగిలిన 216 నెలలు సుమారు 164కు దిగుతాయి. వడ్డీ ఇదే ఉంటే ఆదా దాదాపు 8.4 లక్షలు. అదే డబ్బు కట్టి గడువు తగ్గించకుండా కిస్తీ తగ్గించుకుంటే కిస్తీ 18,979 అవుతుంది, ఆదా 2.9 లక్షల దగ్గరే ఆగుతుంది. ఇంత తేడా ఉన్నది కనుక బ్యాంకులో నోటిమాటగా కాక దరఖాస్తులోనే ‘గడువు తగ్గించాలి, కిస్తీ యథాతథం’ అని రాసి, కొత్త షెడ్యూలు చేతికి తీసుకోండి. మారే వడ్డీ హోమ్‌లోన్‌ను వ్యక్తులు ముందే కడితే బ్యాంకులు జరిమానా వేయడాన్ని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆపింది.

ఎఫ్‌డీకి 7 శాతం వస్తుందనుకున్నా, 20 శాతం పన్ను స్లాబులో ఉంటే చేతికి మిగిలేది 5.6. పాత పన్ను విధానంలో ఉండి వడ్డీకి 2 లక్షల దాకా మినహాయింపు వాడుకుంటున్నా మీ లోను నిజమైన ఖరీదు 6.8 శాతం దగ్గర ఉంటుంది. కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపే లేదు. ఎటు చూసినా లోనుకు కట్టడమే లాభం. అయితే ఆరు కిస్తీల సొమ్ము, అంటే 1.30 లక్షలు, విడిగా లేకపోతే ముందు దాన్ని పక్కన పెట్టండి. కట్టేసిన డబ్బును జ్వరమొచ్చిందని బ్యాంకు తిరిగి ఇవ్వదు.

లోను తీరిన రోజు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి: అసలు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉన్నది.

ప్రశ్న: 2023 జూలై వరదల్లో మా ఇంట్లోకి నడుములోతు నీళ్లొచ్చినయ్. లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ పేరుతో 40 వేలు పట్టుకున్నరు. అది వరదకు పనికొస్తదా?
– ఒక పాఠకుడు, హంటర్ రోడ్డు, వరంగల్

పాలసీ కాగితం తెరిచి చూడండి. లోను తీసుకున్న మనిషి చనిపోతే మిగతా బాకీ తీరుస్తామని ఉంటే అది జీవిత బీమా, ఇంటికి కాదు. ఇంటి కోసం ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ 2021 ఏప్రిల్ నుంచి ఉన్నది. దీంట్లో అగ్ని, పిడుగు, భూకంపంతోపాటు వరద, నీటి ముంపు కూడా ఉన్నాయి. బీమా చేయాల్సింది ఇంటి అమ్మకం ధరకు కాదు, మళ్లీ కట్టే ఖర్చుకు. స్థలం విలువ కలపొద్దు. 1,200 అడుగుల ఇల్లు, అడుగుకు 2,000 ఖర్చు అనుకుంటే 24 లక్షలు. సామాన్లకు అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, దానంతటదే వర్తిస్తుంది. అంటే మీకు 4.8 లక్షలు. నగలు, విలువైన వస్తువులకు వేరేగా తీసుకోవాలి. కాలం గడిచి గోడలు చెడిపోవడం, చెమ్మ దీనిలోకి రావు.

వరదొస్తే బురద కడగకముందే ఫొటోలు తీసి, కంపెనీకి వెంటనే తెలపండి. సర్వేయరు చూసేదాకా పాడైన వస్తువులను పారేయకండి. టీవీ, ఫ్రిజ్ కొన్న బిల్లులు ఫోన్‌లో దాచుకోవాలి, ఎందుకంటే ఇంట్లో ముందుగా నానేవి కాగితాలే.

బీమా ఉన్నా చేయాల్సినవి కొన్నున్నాయి. ఇన్వర్టరు, బ్యాటరీ, సంపు మోటరు స్టార్టరు పోయినసారి నీళ్లొచ్చిన గీతకు పైన బిగించండి. మోరి నీళ్లు లెట్రిన్‌లోంచి ఎదురు తన్నకుండా బయటి పైపుకు నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. వరద తగ్గాక సంపును ఖాళీ చేసి రుద్ది కడిగి, నింపిన తర్వాత వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పొడి ముందుగా చెంబులో కలిపి, తేటను పోయండి. గంట ఆగి వాడుకోవాలి.

ప్రశ్న: మా నాయన పోయి మూడేండ్లు. ఇంటి పన్ను ఆయన పేరునే కడుతున్నం. ఇబ్బందేమన్న ఉన్నదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

పన్ను కట్టడానికి ఇబ్బందేమీ లేదు. అమ్మేటప్పుడూ లోను తీసుకునేటప్పుడూ ఉన్నది. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, ఎన్నేండ్లు కట్టినా. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం తెచ్చుకుని, వారసులు ఒకరికంటే ఎక్కువుంటే పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించి, ఆ నకలుతో మున్సిపల్ ఆఫీసులో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. అందరూ ఒక మాట మీద ఉన్నప్పుడే కానిచ్చుకోండి. ఆ ఏడాది పన్నును ఏప్రిల్ నెలాఖరులోపు కట్టేవారికి 5 శాతం తగ్గింపు ఇస్తున్నారు. దానికి పాత బాకీ ఉండకూడదు కాబట్టి, ఉంటే ముందు అది తేల్చుకోండి.