స్పీడు బండి కొంటున్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వు స్పీడు కారు కొంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. "నువ్వైనా చెప్పు అన్నయ్యా, నా మాట వినదు" అని ఒకటే గోల. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గర్వం, ఆ తర్వాత గుబులు. వద్దనను. నీ సంపాదన, నీ సరదా. కానీ ఆ డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలో మాత్రం చెప్పి తీరతాను, విసుక్కోకుండా చదువు.

చిన్న సంగతులు ముందు ముగించేస్తా. సంతకం పెట్టకముందే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కో. గతుకుల రోడ్డు మీద కూడా టెస్ట్ డ్రైవ్ చెయ్యి, నున్నటి రోడ్డు మీద ప్రతి బండీ బంగారమే. వెనక సీట్లో మీ అమ్మని కూర్చోబెట్టి చూడు. చక్రాలు 18, 19 అంగుళాల్లో దొరికితే 18 తీసుకో. టైరు పక్కగోడ కాస్త ఎత్తుగా ఉంటే గుంటలో పడ్డప్పుడు రిమ్ము వంగదు, టైరూ చవకగా వస్తుంది. రంగు నీ ఇష్టం.

నువ్వు రాసుకున్న మూడు బండ్ల పేర్లు మీ నాన్న చదివి వినిపించాడు. సివిక్ ఎస్ఐ 200 హార్స్‌పవర్, ఎలాంట్రా ఎన్ 276, సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ 271. నన్నడిగితే మొదటి స్పీడు బండికి 200 చాలు, ఇంకా మిగులుతుంది. సివిక్‌కి ముందు చక్రాల మధ్య లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది. మలుపులోంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కితే, బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే గిరగిరా తిరక్కుండా బయటి చక్రానికి కూడా బలం పంపుతుంది. గేర్లు చేత్తో మార్చే బండే వస్తుంది, నీకది ఇష్టమేగా. సుబారులో నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది కాబట్టి వానలో భయం లేదని ఎవరో చెప్పారట. ఆ మాట చెప్పినవాణ్ణి నా దగ్గరికి పంపు. అది బండి కదలడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు. ఆపే బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి. పైగా అలాంటి బండికి నాలుగు టైర్లూ ఒకే రకంగా, ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి పోయిందని ఒక్కటే కొత్తది వేస్తే దాని చుట్టుకొలత మిగతావాటికంటే ఎక్కువై, ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే మధ్య డిఫరెన్షియల్ మీద నిత్యం ఒత్తిడి పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇలాంటి బండి మొదటిసారి కొన్నవాళ్లు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒకటుంది: ఉన్న డబ్బంతా బండి మీదే పెట్టేసి, ఆరు నెలలకు ఇంకొంత కూడగానే ఇంజన్ రీమ్యాప్ చేయించడం, అంటే పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించడం. బండి ఎంత పరిగెడుతుందో చూస్తారు. ఎలా ఆగుతుందో చూడరు. 100 కి.మీ. వేగం నుంచి ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తికి దాదాపు రెట్టింపు 140 నుంచి ఆపడానికి కావాలి. వేగం పెరిగింది నలభై శాతమేగా అనుకుంటాం. శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది. అదంతా వేడిగా మారి డిస్కుల్లోకి, ప్యాడ్లలోకి, అక్కణ్ణుంచి పిస్టన్ల మీదుగా బ్రేక్ ఆయిల్‌లోకి చేరుతుంది.

ఈ బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమ పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీళ్లు చేరాయంటే 155కే మరుగుతుంది. మామూలు తిరుగుడులో తేడా ఏమీ తెలియదు, పెడల్ గట్టిగానే ఉంటుంది. పొడుగాటి ఘాట్ దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతున్నప్పుడు బయటపడుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. నీ కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే పోయి, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది. ఇందులో మోసం ఏమిటంటే, పక్కకు తీసి అరగంట చల్లారనిస్తే పెడల్ మళ్లీ మామూలుగా వచ్చేస్తుంది. మెకానిక్‌కి చూపిస్తే "ఏం లేదండీ, బాగానే ఉంది" అంటాడు. నమ్మి మళ్లీ అదే ఘాట్ ఎక్కుతారు.

పెడల్ గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే అది వేరే జబ్బు, ప్యాడ్లు కాగి పట్టు వదిలేశాయన్నమాట. మెత్తబడితే మాత్రం ఆయిల్ మరిగిందనే అనుకో. అలాంటప్పుడు పెడల్‌ని గబగబా నాలుగైదుసార్లు పంపు కొట్టినట్టు తొక్కు, ఒక్కో గేరూ దించు, హ్యాండ్ బ్రేక్ ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా లాగు. మీట బదులు బటన్ ఉన్న బండైతే దాన్ని పట్టుకునే ఉండాలి, వదిలితే పనిచెయ్యదు. ఇవన్నీ నీకు అవసరపడకూడదనే నా మొర.

అందుకే రెండేళ్లకోసారి, బండి నడిచినా నడవకపోయినా, బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించు. లీటరు డబ్బా సరిపోతుంది. సీలున్న డబ్బా నీ కళ్లెదుటే తెరిపించు. సగం వాడి మూలన పెట్టిన డబ్బా అప్పటికే తేమ తాగేసి ఉంటుంది. డాట్ 4 ఉన్నచోట 5.1 పోయొచ్చు. ఒట్టి 5 మాత్రం సిలికాన్ రకం, పొరపాటున కూడా కలపనివ్వకు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడగమను, లేకపోతే రంగు లేచిపోతుంది.

టైర్లదీ ఇదే కథ. బండి ధరకి బేరమాడి, టైర్లు అరిగాక ఏదో చవక రకం వేసేస్తారు. ఎంత పెద్ద బ్రేకు పెట్టినా రోడ్డుని పట్టుకునేది ఒక్కో టైరు కింద అరచేయంత రబ్బరే. పక్కగోడ మీద DOT అని ఇంగ్లీషులో మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి బాగా లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన రబ్బరు గోరు దిగనంత గట్టిపడితే వానలో జారుతుంది. చాలాచోట్ల చట్టం 1.6 మి.మీ. గాడి దాకా ఒప్పుకుంటుంది, నువ్వు 3 దగ్గరే మార్చెయ్. నాలుగు మంచి టైర్లకీ ఒక సెట్ ప్యాడ్లకీ డబ్బు పక్కన పెట్టాకే బండి కొను. పెట్టలేకపోతే ఆ బండి నీకు ఖరీదైనదని లెక్క, ఇంకో ఆర్నెల్లు ఆగు. కోపమొచ్చిందా? రానీ.

సెకండ్ హ్యాండ్ చూస్తున్నావట. అక్కడ మోసమంతా ముందు యజమాని కాలు ఎంత బరువన్నదానిలో ఉంది. నువ్వు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పు, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజన్ మొదటి మోత నీకు వినిపించకూడదనుకున్నాడన్నమాట. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లగా, తియ్యటి వాసనతో వస్తే కూలంట్. నాలుగో గేర్లో రెండువేల ఆర్పీఎం దగ్గర పూర్తిగా తొక్కు. ఆర్పీఎం ముల్లు ఎగిరి బండి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. స్కానర్ పెట్టించి, ఎర్రర్లు లేవని మురిసిపోకుండా, రెడీనెస్ టెస్టులు (బండి కంప్యూటర్ తనంతట తను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో అడుగు. చాలావరకు "పూర్తి కాలేదు" అని వస్తే మొన్నో నిన్నో ఎర్రర్లు చెరిపేసినట్టే, లేదా బ్యాటరీ తీసినట్టు. రీమ్యాప్ చేసి, అమ్మేముందు పాతది మళ్లీ ఎక్కించిన బండ్లూ ఉంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా స్క్రూలు, టర్బో దగ్గరి క్లిప్పులు మాటిమాటికీ విప్పిన గుర్తులు చూసుకో. డిస్కు మీద నీలం మచ్చలూ వెంట్రుక పగుళ్లూ ఉంటే అది బాగా కాలిన బండి.

కొన్నాక నడపడం సంగతి. ఆయిల్ వేడెక్కేదాకా ఇంజన్‌ని మూడువేలు దాటించకు. ఈ చిన్న టర్బో ఇంజన్లతో ఒక చిక్కుంది: పై గేర్లో నెమ్మదిగా పోతూ, గేరు దించడానికి బద్ధకించి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే, ప్లగ్గు మండించకముందే మిశ్రమం తనంతట తనే అంటుకుంటుంది. గట్టిగా జరిగితే పిస్టనే పగులుతుంది. కాబట్టి గేరు దించి తొక్కు, ఏపీఐ ఎస్‌పీ అని రాసున్న ఇంజన్ ఆయిల్ పోయించు, వెయ్యి కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ తీసి చూడు. పెట్రోలు మూత రేకు లోపల ఎంత ఆక్టేన్ అని ఉందో అంతే పోయించు.

ఈఎస్‌సీ (బండి అదుపు తప్పి జారకుండా పట్టే ఏర్పాటు) బటన్ ఆఫ్ చెయ్యకు. ఎందుకని అడక్కు, చెయ్యకు.

సైకిల్ నేర్చుకునే రోజుల్లో బ్రేకు నొక్కకుండా రెండు కాళ్లూ నేలకి రాస్తూ ఆపేదానివి. చెప్పుల మడమలు నెలకోసారి అరిగేవి. నీకు అప్పటి నుంచీ ఆగడమంటేనే చిరాకు తల్లీ, నాకది గుర్తుండే ఇంత రాశాను.

ఆదివారం బండి చూడటానికి వెళ్తున్నావుగా. నాలుగు టైర్ల పక్కగోడల మీదున్న అంకెలు, బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా, చక్రం సందులోంచి కనిపించే డిస్కు, ఈ మూడూ ఫొటోలు తీసి పంపు. అవి చూశాక ఫోన్ చేస్తా. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ పెదనాన్న