రోజూ నీళ్లు పోస్తున్నా మనీ ప్లాంట్ వాలిపోతోంది!

ప్రశ్న: హాల్లో మనీ ప్లాంట్ ఉంది. ఎండలు మండుతున్నాయి కదా అని రోజూ మగ్గుడు నీళ్లు పోస్తున్నాను. అయినా ఆకులు వేలాడిపోతున్నాయి, కిందివి పసుపెక్కాయి. ఇంకా ఎక్కువ పోయాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ మగ్గు పక్కన పెట్టండి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి, కుళ్లిన వేళ్లు నీళ్లు పీల్చలేవు, దాంతో మొక్క దాహం వేసినట్టే వాలిపోతుంది, మనమేమో పాపం అని ఇంకో మగ్గు పోస్తాం!

మట్టిలో వేలు రెండు అంగుళాలు గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే నీళ్లు. బురదలా ఉండి వాసన వస్తుంటే మొక్కను బయటికి తీసి, పట్టుకుంటే జారిపోయే గోధుమరంగు వేళ్లు కత్తిరించేసి, గట్టిగా తెల్లగా ఉన్నవి మాత్రం ఉంచి, ఎర్రమట్టిలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కాస్త ఇసుక కలిపి మళ్లీ నాటండి. కుండీ అడుగున రంధ్రం ఉందా? షోకు పింగాణీ కుండీల్లో చాలావాటికి ఉండదు, నేనూ అలాగే ఒక తీగ పోగొట్టుకున్నాను.

ఏసీ గాలి నేరుగా తగిలేచోట, పడమటి ఎండ పడే బాల్కనీలో పెట్టకండి. పసుపెక్కిన ఆకులు మళ్లీ పచ్చబడవు, తుంచేయండి. కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు జోలికి వెళ్లొద్దు.