ఆనకట్టల సంస్థ సత్తా ఎక్కడ తెలుస్తుంది?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. జలవనరుల ప్రాజెక్టులకు డిజైన్లు, నివేదికలు తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగం ఇస్తామంటోంది. సర్వే మొదలుకొని ఆనకట్టలు, సొరంగాలు, జలవిద్యుత్తు వరకు అన్నీ చేస్తామని వాళ్ల పుస్తకంలో ఉంది. ఇన్ని పనులు ఒక్క సంస్థకు చేతనవుతాయా? చేరమనమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: చేతనవుతాయమ్మా. నిజానికి ఇవన్నీ ఒకేచోట ఉండటమే మంచిది. వరద ఎంతో తేలితేగాని, ఆ నీటిని సురక్షితంగా కిందికి వదిలే స్పిల్‌వే కొలత రాదు, కింద రాయి ఎలా ఉందో తెలిస్తేగాని ఏ రకం ఆనకట్టో తేలదు. పోలవరాన్నే చూడండి. 50 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించిన స్పిల్‌వేను గట్టు మీద రాతిలో కట్టారు. నది గర్భంలో ఇసుక చాలా లోతు. అందుకే అక్కడ మట్టి, రాళ్ల కట్ట, దాని అడుగున నీరు ఊరకుండా డయాఫ్రం గోడ.

నేను ముప్ఫై ఏళ్లు పునాదుల పనిలోనే ఉన్నాను. నా మాట వింటే, మీ అబ్బాయిని ఇంటర్వ్యూ రోజున కోర్ పెట్టెలు చూపించమని అడగమనండి. బోరు వేసి తీసిన రాతి ముక్కలను లోతు ప్రకారం వరుసగా పేర్చే చెక్కపెట్టెలవి. వాటిని భద్రంగా దాచుకున్న సంస్థను నమ్మవచ్చు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెట్టెలో అర మీటరు ఖాళీ చూశాను. నివేదికలో ‘కోర్ నష్టం’ అని రాసి ఉంది, నేనూ సంతకం పెట్టేశాను. తర్వాత గ్రౌటింగ్, అంటే పునాదిలోని సందుల్లోకి సిమెంటు పాలు ఎక్కించే పని, మొదలుపెడితే ఆ పక్క రంధ్రం ఒక్కటే రెండు వందల బస్తాల సిమెంటు మింగింది. బోరు వేసిన మేస్త్రీని అడిగితే, ‘‘అక్కడ బోరులోకి వదిలిన నీళ్లు పైకి తిరిగి రాలేదు బాబూ, నన్నెవరూ అడగలేదు’’ అన్నాడు. ఆ ఖాళీలో ఉన్నదంతా మెత్తటి మట్టి, నీళ్లతోపాటు కొట్టుకుపోయింది. అప్పటినుంచి మేస్త్రీతో మాట్లాడకుండా ఏ బోరు కాగితం మీదా సంతకం పెట్టలేదు.

రెండోది వరద లెక్క. నిల్వ 6 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2 టీఎంసీలు దాటినా, నీటి ఎత్తు 30 మీటర్లు దాటినా, రాగల గరిష్ఠ వరదను తట్టుకునేలా స్పిల్‌వే ఉండాలని మన ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకె కంప్యూటర్ ఇస్తుంది. కానీ గెడ్డ ఒడ్డున ఉన్న ఊళ్లకు వెళ్లి, పెద్దవాళ్లు గుడి గోడ మీద చూపించే పాత వరద గుర్తును కొలిచి తెచ్చారా? అది అడగాలి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గేట్ల నిపుణులు ఉన్నారో లేదో కూడా చూడాలి. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోతే, ప్రవాహం మధ్యలోనే స్టాప్‌లాగులు, అంటే గేటు బదులు అడ్డంగా పెట్టే ఉక్కు పలకలు, దించి నీటిని ఆపిన కన్నయ్యనాయుడు గారి లాంటివారు మనకు ఎందరున్నారు? కట్టడం పూర్తయ్యాక గేట్లనూ, కట్టలోంచి ఊరే నీటిని కొలిచే పరికరాలనూ ఏళ్ల తరబడి చూసుకునే పని ఈ సంస్థలకు ఇక పెరుగుతుంది. 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది, తనిఖీలు తప్పవు. మన ఉక్కు కర్మాగారానికీ నగరానికీ ఏలేరు నీళ్లు సుమారు 150 కిలోమీటర్ల కాలువలో వస్తున్నాయి. అలాంటివి కట్టి వదిలేసేవి కావు.

జీతం గురించి నేను చెప్పను. మొదటి రెండేళ్లు బోరు క్యాంపులో ఉంచుతామంటే, బెంగపడకుండా పంపండి. దోమతెర, మంచి బూట్లు కొనివ్వండి. మొదటి రోజు నుంచీ కంప్యూటర్ ముందే కూర్చోబెడతామంటే మాత్రం మరోచోట చూసుకోమనండి.